వల ఎవరిది? చేప ఎవరు?

మన పిల్లల చేతికి ఫోను ఇవ్వాలా వద్దా అన్న వాదన ముగిసిపోయింది. ఫోను వచ్చేసింది. సిగ్నల్ కోసం గట్టెక్కి నిలబడే ఊళ్లలోకి కూడా వచ్చేసింది. ఇంకా తేలని వాదన ఒకటుంది. ఆ ఫోనులో మనం ఎవరితో మాట్లాడుతున్నాం? ఎవరు పెట్టిన షరతుల మీద మాట్లాడుతున్నాం?

"ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఉన్నాయి కదా, మళ్లీ మనకు వేరే వేదిక ఎందుకు?" అని మన యువకులు అడుగుతున్నారు. "లోకమంతా ఉన్నచోట ఉండాలి గానీ, మూల కూర్చుని మాట్లాడితే ఎవరు వింటారు?" అని కొందరు ఉపాధ్యాయులూ అంటున్నారు. వాళ్లతో వాదించడానికే ఈ వ్యాసం రాస్తున్నాం. మా మాట సూటిగా ఇదీ: పెద్ద వేదిక మనల్ని లోకానికి చూపిస్తుంది, అంతవరకే. మనల్ని మనతో కలిపే పని చిన్న వేదికలది. అవి మనకు కావాలి. వాటి పగ్గం మన చేతిలో ఉండాలి.

ఈ తేడా చూపించడానికి మేం పాడేరునో అరకునో కాకుండా విశాఖ ఫిషింగ్ హార్బర్‌ను తీసుకుంటున్నాం. అందుకు కారణం ఉంది. 2022 ఏప్రిల్లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడేదాకా ఆ రేవూ మన కొండలూ ఒకే జిల్లాలో ఉండేవి. చదువుకో, కూలికో, కేజీహెచ్‌లో వైద్యానికో కొండ దిగిన మనవాళ్లకు ఆ ఊరు కొత్త కాదు. పైగా సముద్రంలో వేటాడేవాళ్లకూ కొండమీద బతికేవాళ్లకూ ఒక పోలిక ఉంది. ఇద్దరి పనీ సెల్ సిగ్నల్ ఆగిపోయిన చోట మొదలవుతుంది. తీరం దాటి కొంత దూరం పోతే బోటులో ఫోను మూగబోతుంది. ఘాట్ రోడ్డు మలుపులు నాలుగు దాటితే మన ఫోనుదీ అదే గతి.

2023 నవంబరు 19 రాత్రి ఆ హార్బర్‌లో మంటలు లేచాయి. జెట్టీ దగ్గర పక్కపక్కనే కట్టి ఉన్న బోట్లు ఒకదాన్నుంచి ఒకటి అంటుకున్నాయి. బోట్లలో డీజిలు ఉంది, వంట గ్యాసు ఉంది, నైలాన్ వలలు ఉన్నాయి. తెల్లారేసరికి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. మంటల వీడియోలు ఫోన్లలో పరుగెత్తాయి. వాటి వెంట ఒక కథ కూడా పరుగెత్తింది. వేట వీడియోలు చేసే ఒక స్థానిక యూట్యూబరు బోటులో పార్టీ ఇచ్చాడని, నిప్పు అక్కడినుంచే పుట్టిందని. పోలీసులు అతన్ని తీసుకెళ్లి ప్రశ్నించారు. కొద్దిరోజుల తర్వాత అదే పోలీసులు వేరే ఇద్దరిని అరెస్టు చేశారు. తాగి పారేసిన సిగరెట్టు పక్క బోటులోని వల మీద పడి నిప్పు అంటుకుందని చెప్పారు. ముందు మోగిన పేరుకూ మంటకూ సంబంధం లేదని తేలింది. అయితే కథ పరుగెత్తినంత వేగంగా నిజం పరుగెత్తలేదు.

ఈ సంఘటనలో మనం చూడవలసింది ఒకటుంది. ఆ యువకుడి వీడియోలను లక్షలమంది ఇష్టంగా చూశారు. సముద్రంలో వల ఎలా లాగుతారో, ఏ చేప ఎలా ఉంటుందో అతని ద్వారానే తెలుసుకున్నారు. కానీ ఆ లక్షలమంది అతనికి ఇరుగుపొరుగు కారు, తోటి కళాసీలూ కారు. వాళ్లు ప్రేక్షకులు. ప్రేక్షకుడికి చేప దొరికినా ప్రదర్శనే, మనిషి దొరికినా ప్రదర్శనే.

తప్పంతా చూసేవాళ్లదే అని మేం అనడం లేదు. అది వ్యాపారం తీరు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని మెటా. ఆ కంపెనీ ఆదాయం దాదాపు మొత్తం ప్రకటనల నుంచే వస్తుంది. ప్రకటన అమ్ముడుపోవాలంటే మనిషి తెర ముందునుంచి కదలకూడదు. కదలకుండా ఉండాలంటే కోపమో, ఏడుపో, వింతో ఏదో ఒకటి కళ్లముందు ఆడుతూ ఉండాలి. ఏది ముందు చూపాలో, ఏది తొక్కిపెట్టాలో నిర్ణయించే లెక్క కంపెనీ దగ్గర ఉంటుంది. ఆ లెక్క మనకు చూపించరు. సంతలో తూకం వేసే షావుకారు తక్కెడ వెనక్కి మనల్ని రానివ్వనట్టే.

పోనీ ఆ తక్కెడ అందరికీ ఒకలా తూస్తుందా అంటే అదీ లేదు. 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగి ఫ్రాన్సెస్ హాగెన్ కంపెనీ లోపలి పత్రాలు బయటపెట్టారు. తప్పుడు సమాచారాన్ని గుర్తించే పనికి కేటాయించిన సమయంలో 87 శాతం ఒక్క అమెరికాకే పోతోందని, మిగతా ప్రపంచమంతటికీ కలిపి 13 శాతమే మిగులుతోందని వాటి ఆధారంగా పత్రికలు రాశాయి. మన దేశంలో రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో ఐదింటికే తన యంత్రాలకు తర్ఫీదు ఇచ్చానని ఆ రోజుల్లో ఆ కంపెనీయే చెప్పింది. కువి, కోయ, సవర, కొండ భాషలు ఆ 22లోనే లేవు. ఇక ఐదింటిలో ఉండే ప్రశ్న ఎక్కడిది? మన భాషలో మనల్ని ఎవరైనా తిట్టినా, బెదిరించినా, అబద్ధం చెప్పినా ఆ యంత్రానికి చెవుల్లేవు.

ఇప్పుడు అదే హార్బర్‌లో ఉన్న ఇంకో వేదికను చూద్దాం. దానికి లైకులు లేవు, ఫాలోవర్లు లేరు. అది బోటులో ఉండే వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు. ఇంటర్నెట్ పుట్టకముందే ఉన్న సామాజిక మాధ్యమం అది. సెల్ అందని చోట ఒక బోటువాళ్లు ఇంకో బోటువాళ్లతో దానిమీదే మాట్లాడతారు. గాలి మారింది, ఇంజను ఆగింది, తాడు కావాలి, ఫలానా వైపు రావద్దు. అందులో 16వ నంబరు ఛానెల్ ఉంటుంది. ప్రపంచమంతటా అది ఆపదలో పిలిచే ఛానెల్. దానిమీద ఊసులాడకూడదు. పిలవాలి, జవాబు రాగానే వేరే ఛానెల్‌కు మారిపోవాలి. అందరూ వింటూ ఉండాలి, ఎవరూ దాన్ని ఆక్రమించకూడదు. ఈ నియమం వెనుక ఏ కంపెనీ లాభమూ లేదు. నా బోటు మునిగే రోజు ఆ దారి ఖాళీగా ఉండాలన్న ఎరుక ఉంది.

ఆ రేవులోకి ఇంకో దారిలోనూ సమాచారం వస్తుంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉపగ్రహాల సాయంతో సముద్రపు నీటి వేడినీ, నాచు పచ్చదనాన్నీ కొలిచి చేపలు ఎటువైపు ఉండవచ్చో చెబుతుంది. తెలుగులోనూ చెబుతుంది. అది చూసి వినోదించడానికి ఏమీ ఉండదు. ఎంత దూరం, ఎంత లోతు, ఏ దిక్కు, అంతే. వేట లేనివాడికి ఆ కబురు ఎందుకూ పనికిరాదు. వేటకు పోయేవాడికి డీజిలు ఖర్చు మిగులుతుంది.

పెద్ద వేదికకూ చిన్న వేదికకూ ఉన్న తేడా మొత్తం ఇక్కడే ఉంది. పెద్ద వేదిక "నువ్వెవరో నాకు అనవసరం, ఎంతసేపు ఉంటావో చెప్పు" అంటుంది. చిన్న వేదిక "నీ పనేమిటి, నీకు ఏం తెలుసు, నీకు ఏం కావాలి" అని అడుగుతుంది. పెద్ద వేదికలో విలువ చూపుల లెక్కలో ఉంటుంది. చిన్న వేదికలో ఇచ్చిన సమాచారం పనికొచ్చిందా లేదా అన్నదే విలువ. పెద్ద వేదికలో అబద్ధం చెప్పినవాడు రేపు ఇంకో వీడియో పెట్టుకుంటాడు. చిన్న వేదికలో అబద్ధం చెప్పినవాడి మాట ఇక ఎవరూ నమ్మరు.

ప్రపంచంలో ఇలాంటి ప్రత్యేక వేదికలు చాలా ఉన్నాయి. ఉద్యోగాల కోసం లింక్డ్‌ఇన్, పరిశోధకుల కోసం రీసెర్చ్‌గేట్, పుస్తకాలు చదివేవాళ్ల కోసం గుడ్‌రీడ్స్, ఊలు అల్లేవాళ్ల కోసం రావెల్రీ, పరుగు పెట్టేవాళ్లూ సైకిలు తొక్కేవాళ్లూ చేరే స్ట్రావా. చేపలు పట్టేవాళ్ల కోసమూ ఒకటుంది. స్వీడన్‌లో పుట్టింది, పేరు ఫిష్‌బ్రెయిన్. ఏ చేప పట్టారో, ఎంత బరువో, ఏ ఎర వేశారో అందులో పెట్టుకుంటారు. కానీ అది సరదాకు గాలం వేసేవాళ్లది. పొట్టకోసం వల వేసే విశాఖ కళాసీని తలచుకుని ఎవరూ దాన్ని కట్టలేదు. అంశం ఒకటే అయినంత మాత్రాన వేదిక మనదైపోదు.

చిన్నదైతే చాలు, మంచిదే అని కూడా మేం అనడం లేదు. గుడ్‌రీడ్స్‌ను 2013లో అమెజాన్ కొనేసింది. పాఠకులు ఏళ్లతరబడి రాసుకున్న అభిప్రాయాలన్నీ పుస్తకాలు అమ్మే కంపెనీ చేతికి పోయాయి. స్ట్రావా తన సభ్యుల పరుగుదారులన్నీ కలిపి ఒక పటం విడుదల చేస్తే, 2018 జనవరిలో ఆ పటంలో సైనిక స్థావరాల దారులు బయటపడ్డాయి. సైనికులకే అలా జరిగితే, మన అడవి దారుల సంగతి, మూలికలు దొరికే చోట్ల సంగతి, పోడు పొలాల సంగతి ఆలోచించండి. కాబట్టి వేదిక ఎంత చిన్నదో అడిగి ఊరుకోకూడదు. యజమాని ఎవరు, నియమం పెట్టేది ఎవరు, దాచిన మాట ఎవరి దగ్గర ఉంటుంది అనే మూడూ అడగాలి.

ఆదివాసీలు ఈ మూడు ప్రశ్నలూ అడిగి ఒక వేదిక కట్టిన ఉదాహరణ మన పక్క రాష్ట్రంలోనే ఉంది. 2010లో శుభ్రాంశు చౌధరి అనే పాత్రికేయుడు ఛత్తీస్‌గఢ్‌లో సీజీనెట్ స్వర ప్రారంభించాడు. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. మామూలు ఫోను నుంచి ఒక నంబరుకు చేసి, గోండీలోనో మరో భాషలోనో మాట రికార్డు చేస్తారు. సంపాదకులు సరిచూసి వదులుతారు. మిగతావాళ్లు ఫోను చేసి వింటారు. బోరు చెడిపోయిందని, కూలి డబ్బులు రాలేదని, పాఠశాలకు పంతులు రావడం లేదని చెప్పినవాళ్లు ఆ పని చూడవలసిన అధికారి ఫోను నంబరు కూడా చెప్పేవారు. విన్నవాళ్లు ఆ అధికారికి ఫోను చేసేవారు. అక్కడ విన్నవాడు లైకు కొట్టి పక్కకు పోడు. వినడమే ఒక పని అవుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విషయం గుర్తుచేస్తాం. 2003–04 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చిన్నతరగతుల బోధన మొదలైంది. గోండీ, కోయ, కొలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. పుస్తకాలు వచ్చాయి. లిపుల సంగతి చూస్తే, మంగేయి గొమాంగో 1936లో చేసిన సొరంగ్ సొంపెంగ్ 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆదిలాబాద్ గుంజాల గోండీ లిపి 2018లో చేరింది. అంటే అక్షరం ఫోను గడప తొక్కింది. ఆ అక్షరంతో మాట్లాడుకునే గది మాత్రం ఎవరూ కట్టలేదు. బడిలో కువి చదివిన పిల్ల ఫోను చేతికి రాగానే తెలుగులోకో హిందీ పాటలోకో వెళ్లిపోతోంది. ఆ పిల్లను తప్పుపట్టి లాభం లేదు. అక్కడ కువి మాట్లాడితే ఎవరూ జవాబివ్వరని ఆ పిల్లకు తెలుసు.

ఇక పెద్ద వేదికలో మనం ఎలా కనబడుతున్నామో చూడండి. వంజంగి కొండమీద మబ్బుల సముద్రం కనబడుతుంది, ఆ కొండ కింద ఊరు కనబడదు. ధింసా కనబడుతుంది, అది ఏ పండుగకు ఎందుకు ఆడతారో కనబడదు. వానాకాలం వస్తే డోలీలో గర్భిణిని మోసుకొస్తున్న వీడియో తిరుగుతుంది. జనం అయ్యో అంటారు. మరుసటి వానాకాలం ఇంకో ఊరి డోలీ తిరుగుతుంది. 2012లో అండమాన్‌లో జరవా ఆడవాళ్లను పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడి ప్రపంచం సిగ్గుపడింది. ఆనాడు కెమెరా బయటివాడి చేతిలో ఉంది. ఈనాడు కెమెరా మన పిల్లల చేతిలోనే ఉంది. కానీ చూసే కన్ను మారకపోతే ఆట మారుతుందా? చూపుల లెక్క కోసం మన పిల్లలే మన అమ్మమ్మను వింతగా చూపించే రోజు వస్తే, దాన్ని ఎదుగుదల అని మేం అనలేం.

మరోవైపు మన బతుకును నిజంగా తాకే కబుర్లు ఆ తెరమీద నిలవవు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు మీద రీలు చేయలేం. దానికి పాట కట్టి గంతులేయలేం. కానీ డీఎడ్ చదివి ఇంట్లో కూర్చున్న మన తమ్ముడికి, చెల్లెలికి అంతకన్నా పెద్ద కబురు ఏముంది? ఆ తీర్పులో ఏముంది, మిగిలిన దారి ఏమిటి, ఎవరు ఏం చేస్తున్నారు అని నిదానంగా, మన మాటల్లో, రోజుల తరబడి మాట్లాడుకునే చోటు కావాలి. 1/70 గురించి, అటవీ హక్కుల చట్టం గురించి, పీసా గ్రామసభ గురించీ అంతే.

"డోలీ వీడియో వల్లే కదా మా ఊరికి రోడ్డు మంజూరైంది" అని ఎవరైనా అంటే మేం కాదనం. పెద్ద వేదికను వదిలేయమని మేం చెప్పడం లేదు. సంత మానేసి బతకలేం. చింతపండు, కొండచీపుర్లు, పసుపు అమ్ముకోవడానికి దిగాల్సిందే. కానీ సంతలో షావుకారు ముంచుతుంటే దానికి విరుగుడుగా 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం ఈ విశాఖలోనే ఉంది. ఆ సంస్థ ఈరోజు ఎలా నడుస్తోందన్నది వేరే చర్చ. దాని వెనుకనున్న బుద్ధి మాత్రం సరైనది. సరుకు మనదైనప్పుడు తూకం, ధర, లెక్క కూడా మన కళ్లముందు ఉండాలి. మన మాట కూడా సరుకే అయిపోయిన ఈ రోజుల్లో అదే బుద్ధి మాటకూ వర్తించాలి.

"మాకు వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి కదా" అనేవాళ్లకు కూడా ఒక మాట. ఉన్నాయి, వాడుకుందాం. కానీ అది అద్దె ఇల్లు. ఇంటివాడు మెటాయే. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూసేశారు. తెలుగుతో సహా భారతీయ భాషల వేదికగా చెప్పుకున్న కూ 2024 జులైలో మూతపడింది. అద్దె ఇంట్లో మామిడి మొక్క నాటేవాడు కాయలు ఎవరు తింటారో ముందే ఆలోచించుకోవాలి. ఇంకొకటి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారుతో దేశంలో ఎన్నోచోట్ల అమాయకులను కొట్టి చంపారు. ఆ తర్వాతే వాట్సాప్ ఇక్కడ ఒక సందేశాన్ని ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. ఆ పుకార్లు తిరిగింది చిన్న చిన్న గ్రూపుల్లోనే. అందుకే చిన్న వేదికకు 16వ ఛానెల్‌కు ఉన్నంత గట్టి నియమం ఉండాలి. నియమం లేని చిన్న గ్రూపు, పెద్ద వేదిక కన్నా ప్రమాదం.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. భాషకొక గ్రూపు పెట్టండి. కువికి ఒకటి, కోయకు ఒకటి, సవరకు ఒకటి. రాత కన్నా గొంతుకు ముందు చోటివ్వండి. అప్పుడే చదువురాని అవ్వ కూడా సభ్యురాలవుతుంది, నిజానికి గురువవుతుంది. గ్రూపును చూసుకునే ముగ్గురిని ఊరి కూడికలో ఎన్నుకోండి. వాళ్లలో ఒక ఆడమనిషి తప్పనిసరి. ఏడాదికోసారి మార్చండి. బయటినుంచి వచ్చిన ఫార్వర్డు పెట్టకూడదు. కళ్లారా చూసిందీ చెవులారా విన్నదీ మాత్రమే చెప్పాలి. మూలిక దొరికే చోటు, దేవత గద్దె, పిల్లల ముఖాలు బయటికి పోకూడదు. నెలకోసారి ఆ గొంతులన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి బడి బీరువాలో దాచాలి. అద్దె ఇల్లు కూలినా గింజలు మన గాదెలో మిగలాలి. లోపలి మాటల్లో ఏది పెద్ద వేదిక మీద పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో ఆ గ్రూపే తేల్చాలి.

కంప్యూటరు చదువుకున్న మన పిల్లలకు ఇంకో పని ఉంది. ఉద్యోగం కోసం ఎవరెవరికో యాప్‌లు కట్టిపెడుతున్నారు, మంచిదే. మామూలు ఫోనుతో, సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట కూడా పనిచేసే వేదిక ఒకటి మన భాషలకు కట్టడం వాళ్ల చేతనయ్యే పనే. 2010లో గోండీ మాట్లాడేవాళ్లకు సాధ్యమైంది ఈరోజు మనకు అసాధ్యం కాదు.

రేవులో వల అల్లేవాడికి ఒక సంగతి తెలుసు. ఏ చేప కోసమో తేల్చుకున్నాకే వల కన్ను ఎంత ఉండాలో కొలుస్తాడు. మనముందున్న పెద్ద వలల కన్ను మనల్ని చూసి కొలిచింది. మన వల మనం అల్లుకునేదాకా అందులో చేపలం మనమే. ఈ పుస్తకం చదివిన ప్రతి ఉపాధ్యాయుడూ తన బడి పరిధిలో, ప్రతి యువకుడూ యువతీ తమ ఊళ్లో, ఈ వేసవి సెలవులు ముగిసేలోగా ఒక్క గ్రూపైనా, ఒక్క నియమంతోనైనా మొదలుపెట్టాలి. మొదటి గొంతు ఊళ్లో అందరికన్నా పెద్దామెది అయితే మరీ మంచిది.